పాషాకు కాచిన నీళ్ళు

అనగనగా ఒక నది, ఆ నది పేరు మోరావ. నది పక్కన ఒక ఊరు, ఊరి చివర నాలుగంతస్తుల మేడ, మేడ అడుగున ఒక వంటగది, వంటగదిలో ఒక బల్ల, బల్ల మీద ఒక గాజు గిన్నె, గిన్నెలో ఒక నీలి చేప. చెప్పేవారు ఒకరు, ఊఁ కొట్టేవారు ముగ్గురు. నదికి చలి వేసినా ఫరవాలేదు, చేపకు వేయకూడదు. ఈ కథకు మొదలు అది.

వంటగది దారింకది. ఏప్రిల్ పద్నాలుగో తేదీ మధ్యాహ్నం ఆమె పొడుగు పిడి కాఫీ గిన్నెను రెండోసారి పొంగించి దింపింది. ఒక్కొక్కరి ముందు ఒక చెంచాడు రేగుపళ్ళ పాకం, ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టింది. కిటికీ కింద ఇనుప రేడియేటరు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం మరొక్క రోజే. ఏప్రిల్ పదిహేనున ఊళ్ళోని ఇళ్ళన్నిటినీ వెచ్చబెట్టే బాయిలర్ హౌసులో మంట ఆర్పేస్తారు. ఆ తరువాత మంచు కురిసినా సరే, అక్టోబరు దాకా గొట్టాలలోకి వేడినీరు రాదు.

సరిగ్గా రేపే వుకోసావ టీచరు మోకాళ్ళ వైద్యానికి వేడినీటి బుగ్గల ఊరికి బయలుదేరుతోంది. పది రోజులు ఉండాలి. చేపను ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికే ఆమె గిన్నెను ఉన్ని శాలువాలో చుట్టి, రెండో అంతస్తు నుంచి మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందికి దిగి వచ్చింది.

ఆ గిన్నె తన చేతికే రావాలని మూడో అంతస్తు స్పసేనియకు కోరిక. కోరిక అనడం కూడా తక్కువే. రెండేళ్ళ క్రితం ఒకసారి ఆ గిన్నె ఆమె చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆమె గుండెలో ఒక ముల్లు ఉంది. ఇంకొక్కసారి గిన్నె తన ఇంటికి వచ్చి, పది రోజులు వెచ్చగా ఉండి, అదే చేప అదే గిన్నెలో టీచరు చేతికి తిరిగి వెళితే ఆ ముల్లు దానంతట అదే ఊడిపోతుందని ఆమె నమ్మకం.

"నా పిల్లి ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ అది ఒప్పుకోదు," అన్నాడు తిహోమిర్. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. కుర్చీలో కూర్చున్నా స్టీరింగు ముందు ఉన్నట్టే మోచేతులు ముందుకు చాచి కూర్చుంటాడు.

"నాకు చిన్న అంకెలు కనపడవు టీచరుగారూ," అంది దారింక. "కళ్ళద్దాలు పెట్టుకున్నా థర్మామీటరంతా ఒకటే ఎర్ర గీత."

"అంకె చూడగలిగినవాళ్ళకే ఇవ్వాలి," అంది వుకోసావ. నలభై ఏళ్ళు పిల్లలకు ఎక్కాలు చెప్పిన గొంతు అది. "ఇది చిన్న గిన్నె. ఇందులో హీటరు వెయ్యకూడదు, ఈ కాసిని నీళ్ళు నిమిషాల్లో మరిగిపోతాయి. పొయ్యి మీద, రేడియేటరు మీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, అందులో దీన్ని నిలబెట్టాలి. పైన పల్చటి గుడ్డ కప్పాలి. చల్లారితే బయటి నీళ్ళే మార్చాలి. లోపలి నీళ్ళలో వేడినీళ్ళు కలపకూడదు. ఇరవై ఐదు డిగ్రీలు, మహా అయితే ఇరవై ఆరు. అంతే."

"ఇవన్నీ నాకా చెప్తున్నారు?" అంది స్పసేనియ. రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టింది. పాత బూటు అడుగుల్లాగా గట్టిపడిన అరచేతులు. "ఈ పాషాను కిందటిసారి చూసుకున్నది ఎవరు? నేను కాదూ? నాలుగు వేల ఇళ్ళకు వేడి పంపిన చెయ్యండీ ఇది. ముప్పై ఒక్క ఏళ్ళు బాయిలర్ హౌసులో వాల్వు దగ్గర ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. గొట్టం మీద చెయ్యి పెట్టి డిగ్రీ చెప్పేదాన్ని. ఇంజనీరు మీటరు చూసి అర డిగ్రీ తేడా ఉందమ్మా అనేవాడు, మీ మీటరు బాగు చేయించుకోండి సార్ అనేదాన్ని, బాగు చేయించాక చూస్తే నా చెయ్యే రైటు!"

"మరైతే ఆ మీటరు దేనికి పెట్టుకున్నారో," అన్నాడు తిహోమిర్.

"నువ్వు బస్సుకు హారన్ కొట్టినట్టు మధ్యలో కొట్టకు. విను. టీచరుగారు పాషాను నాకిచ్చి బుగ్గల ఊరికి వెళ్ళారా, నేను ఆవిడ చెప్పినట్టే పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టాను, గుడ్డ కప్పాను, గంటకోసారి చెయ్యి పెట్టి చూశాను. ఇందులో గొప్పేముంది, ఎవరైనా చేస్తారు. పదిహేను వచ్చింది. వాల్వు కట్టేసింది నేనే, ఆ ఏడాదే నా సర్వీసు ఆఖరు, ఏడ్చుకుంటూ కట్టేశాను. పదిహేడు పొద్దున లేచి చూద్దును గదా, కిటికీలో మోకాలి లోతు మంచు! ఏప్రిల్‌లో! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చేపకు స్వెటరు అల్లావు," అన్నాడు తిహోమిర్.

"అల్లుదును, నాలుగు రెక్కలకు నాలుగు చేతులు పెట్టాలి, టైము లేదు. కోటు తగిలించుకుని తిన్నగా బాయిలర్ హౌసుకు పోయాను. ఇంజనీరు కాళ్ళు పొయ్యి మీద పెట్టుకుని కూర్చున్నాడు. సార్, రెండో నంబరు బాయిలరు వెలిగించాలి అన్నాను. ఎవరికి అన్నాడు. పాషాకు అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు, ఎక్కడి పాషా, టర్కీ నుంచి ఎవరన్నా ప్రభువు వస్తున్నాడా అనుకున్నాడేమో పాపం, సంతకం పెట్టేశాడు. పెద్ద వాల్వు నలుగురు మగాళ్ళు పట్టుకుంటే తిరగదు. నేను ఎడం చేత్తో తిప్పాను. కుడిచేత్తో ఏం చేస్తున్నానంటావా? బిస్కెట్టు తింటున్నాను."

దారింక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిహోమిర్ బల్ల మీద చరిచాడు. స్పసేనియ మాత్రం వాళ్ళ వైపు చూడలేదు. ఆమె కళ్ళు టీచరు మీదే ఉన్నాయి. టీచరు నవ్వలేదు. కాఫీ కప్పు పిడిని వేలితో తిప్పుతూ గిన్నె వైపే చూస్తోంది.

ఆమె నవ్వకపోయేసరికి స్పసేనియ కథ మీద ఇంకో అంతస్తు లేపింది.

"నాలుగు కిలోమీటర్ల గొట్టం, దారిలో నాలుగు వేల ఇళ్ళు, ఒక్క ఇంటికీ చుక్క వెళ్ళకుండా అన్నిటికీ బిరడాలు బిగించి మొత్తం వేడి ఒక్క నా వంటగదికి పంపాను. ఇంటికొచ్చి చెయ్యి పెట్టి చూశాను, ఇరవై ఐదున్నర! కదలదు మెదలదు. పాషాకు ఎంత సంతోషం వేసిందంటే నురుగు గూడు కట్టడం మొదలుపెట్టాడు. వెచ్చగా ఉంటే ఈ జాతి మగచేప నీటి మీద బుడగలతో గూడు కడుతుంది, టీచరుగారికి తెలుసు. మామూలుగా ఎంత కడుతుంది? నాణెమంత. పాషా పది గంటలకు గిన్నె నింపాడు, పదకొండుకు పెద్ద గిన్నె నింపాడు, పన్నెండింటికి బల్ల మీంచి కిందికి దిగింది నురుగు, తలుపు తీస్తే మెట్ల మీదుగా జారుకుంటూ వచ్చి ఈ దారింక చాపను ముంచేసింది!"

"నా చాపనా? నేనెప్పుడూ చూళ్ళేదే స్పసా పిన్నీ!"

"నువ్వు ఆఫీసులో ఉన్నావు, నేనే తుడిచాను. పారబొయ్యడానికి మనసొప్పక పంచదార వేసి కొట్టాను. మామూలుగా ఈ మిఠాయికి గుడ్ల తెల్లసొన గిలక్కొట్టాలి, ఆ అవసరమే లేదు. పాలు కాచి, అందులో ఆ నురుగు ముద్దలు తేలేసి, మేడంతటికీ మిఠాయి పంచాను. అందరూ ఏమిటింత తేలిగ్గా ఉంది స్పసా అన్నారు, పాషా చేసిచ్చాడన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నేనడగను. నువ్వే చెప్తావు," అన్నాడు తిహోమిర్.

"బిరడాలు ఎంత బిగించినా కాస్త వేడి జారుతుంది గదా. ఆ జారినదానికే వీధిలో మంచు వానైంది. లిండెన్ చెట్లు జూన్‌లో పూసేవి ఆ మధ్యాహ్నమే పూశాయి. ఆఫ్రికా నుంచి వస్తున్న కొంగలు వేరే ఊరికి పోవలసినవి కూడా మన ఊరి మీద దిగాయి, ఒకటా రెండా, నలభై జతలు, చిమ్నీలు చాలక ట్రాఫిక్ లైటు మీద కూడా గూడు పెట్టాయి. మోరావ పొగలు కక్కింది. ఇంతింత వాలుగ చేపలు ఒడ్డుకొచ్చి పొట్టలు వెచ్చబెట్టుకుంటూ పడుకున్నాయి. బుగ్గల ఊరి డాక్టర్లు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వచ్చి, అమ్మా, మా బుగ్గలు మీ ముందు చన్నీళ్ళు, మా రోగులందరినీ ఇక్కడికే పంపేస్తామన్నారు."

"ఆగాగు," అన్నాడు తిహోమిర్. "ఆ మంచులోనే గదా నా బస్సు ఇరుక్కుపోయింది. పదిహేడో పద్దెనిమిదో. నగరం నుంచి వస్తూ కొండ మలుపులో నాలుగు గంటలు. ఇంజను కూడా చచ్చిపోయింది. నా మీసాలకు మంచు పట్టింది. ఆ రోజు నువ్వు కూడా..."

"అది కొండ రోడ్డు!" అంది స్పసేనియ తొందరగా. "కింద ఊళ్ళో జనం చొక్కాలు విప్పేశారు. కొండ రోడ్డు నా గొట్టానికి దూరం, నేనేం చెయ్యను?"

ఇక కథ ఆమె చేతిలో లేదు. ఆపితే తిహోమిర్ ఆ బస్సు దగ్గరికే మళ్ళీ వస్తాడు. టీచరు ఇంకా నవ్వలేదు. స్పసేనియ ఊపిరి బిగించి కథలో ఎక్కగలిగినంత పైకి ఎక్కింది.

"అన్నిటికన్నా పెద్దది ఇప్పుడు చెప్తున్నాను. టీచరుగారు తిరిగొచ్చే రోజు పొద్దున్నే, నేను గుడ్డ తీశాను. పాషా నీటి మీదికి వచ్చాడు. నేను చెయ్యి చాచాను. గిన్నెలోంచి లేచి ఈ అరచేతిలో పడుకున్నాడు, పట్టు రుమాలు పరిచినట్టు. మీరు నమ్మరు గానీ, తల ఎత్తి రెండు కళ్ళతోనూ నన్ను చూశాడండీ! రెండు కళ్ళలోనూ నీళ్ళు! వేలితో తుడిచి చూస్తే ఆ కన్నీళ్ళు కూడా సరిగ్గా ఇరవై ఐదున్నర డిగ్రీలు!"

తిహోమిర్ పగలబడి నవ్వాడు. దారింక కళ్ళు తుడుచుకుంటూ "అబ్బ, పిన్నీ!" అంది. ఆ నవ్వు సద్దుమణిగేదాకా వుకోసావ ఆగింది. తరువాత కప్పును సాసరులో పెట్టింది.

"పాషాకు ఒక కన్నే ఉండేది, స్పసా."

ఆమె చూపుడువేలితో తన ఎడమ కంటిని చూపించింది.

"ఎడమ కన్ను పొర కమ్మి తెల్లగా ఉండేది. నా దగ్గరికి వచ్చేటప్పటికే అంతే. తిండి వేస్తే కుడి వైపు తిరిగి వెతుక్కునేవాడు. అందుకే నేనెప్పుడూ గిన్నెకు కుడి పక్కనే కూర్చునేదాన్ని. నువ్వు నాకు తెచ్చిచ్చిన చేపకు రెండు కళ్ళూ బాగున్నాయి."

స్పసేనియ గిన్నె మీదికి వంగి చేప కళ్ళలోకి చూసింది. ఆమెకు గుచ్చుకున్నది బయటపడిన అబద్ధం కాదు. ఆరు రోజులు, గంటకోసారి గుడ్డ ఎత్తి ఆ గిన్నెలోకి చూసిన మనిషి ఆమె. నీలి రంగు చూసింది, తోక చూసింది. నగరంలో దుకాణంలో నలభై చేపల మధ్య నిలబడి అదే నీలం, అదే తోక వెతికి తెచ్చింది. కన్ను చూడలేదు. ఒక్కసారి కూడా అది తనను ఎటు పక్క నుంచి చూస్తోందో గమనించలేదు.

"మీకు... మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు గిన్నె నా చేతిలో పెట్టినప్పుడే."

"రెండేళ్ళా?"

"రెండేళ్ళు. ఈ బల్ల దగ్గర కాఫీ తాగినప్పుడల్లా, ఇవ్వాళ చెప్తుందేమో అనుకునేదాన్ని." టీచరు గిన్నెను శాలువా మీద కొంచెం తన వైపు జరుపుకుంది. "మీరందరూ దీన్ని పాషా అంటారు. నేను అనడం ఎప్పుడైనా విన్నావా? నేను దీనికి ఇంకా పేరు పెట్టలేదు. నువ్వు చెప్పాక పెడదామనుకున్నాను."

దారింక లేచి, అవసరం లేకపోయినా, పొయ్యి కట్టేసి ఉందో లేదో చూసి వచ్చింది. స్పసేనియ తన అరచేతులను బల్ల మీంచి ఒడిలోకి తీసుకుంది. మాట్లాడినప్పుడు అది వాళ్ళెవరికీ తెలిసిన గొంతు కాదు. అందులో ఎక్కడా మలుపులు లేవు.

"బాయిలరు వెలగలేదు. నేను అడగనేలేదు, అడిగినా వెలిగించరు. మంచు పడింది. పెద్ద గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి. పాషా అడుగున పడుకున్నాడు. నాకు భయం వేసింది. కెటిల్ పెట్టాను. మీరు బయటి నీళ్ళే మార్చమన్నారు, నేను లోపల పోశాను. కొంచెం పోసి చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఇంకొంచెం పోశాను. ఇంకా చల్లగానే ఉంది. నాకు గోరువెచ్చగా తగిలేదాకా పోశాను."

ఆమె ఆగింది. ఎవరూ ఊఁ కొట్టలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళు కాలే గొట్టాలు పట్టుకున్న చెయ్యి. దానికి గోరువెచ్చగా ఉందంటే పసిపిల్లలకు బొబ్బలెక్కుతాయి. మా అమ్మాయికి స్నానం చేయించేటప్పుడు కూడా మా ఆయన మోచెయ్యి పెట్టి చూసేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు తెలుసు. తెలిసీ చూశాను. మీరిచ్చిన థర్మామీటరు సొరుగులో ఉంది, తియ్యలేదు. నాలుగు వేల ఇళ్ళకు వేడి పంపినదాన్ని, ఒక చేపకు అంకె చూడాలా అనుకున్నాను. గుండ్రంగా ఒకసారి తిరిగాడు. అంతే."

"ఎక్కడ పెట్టావు?" అంది టీచరు.

"కిటికీలో జెరేనియం కుండీ మట్టిలో. ఎర్ర పూల మొక్క." ఆమె దారింక వైపు తిరిగింది. "అందుకే నువ్వు కొమ్మ అడిగితే ఇవ్వనన్నాను. పీనాసిదాన్ననుకున్నావు గదూ."

"అనుకున్నాను పిన్నీ," అంది దారింక మెల్లిగా.

తిహోమిర్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి అతని మాటలో వెటకారం లేదు. "ఆ రోజు నా బస్సులో నాలుగో సీటులో కూర్చుంది ఈవిడ. కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, రెండు చేతులూ పొట్ట దగ్గర. అందరూ దిగి మంచులో గెంతులేస్తున్నారు, కాళ్ళు కొయ్యబారకుండా. ఈవిడ లేవలేదు. నాలుగు గంటలు కదలకుండా ఉంది. వెచ్చదనానికి రకియా సారా సీసా తెచ్చి ఇస్తే, తాగలేదు. కోటు కింద ఏదో సీసా ఉంది. మిరపకాయల ఊరగాయనుకున్నాను."

"చేప," అంది స్పసేనియ. "చొక్కా లోపల పెట్టుకున్నాను, ఒంటికి ఆనించి. ఊపిరి ఆడేటందుకు బొత్తాం సందులోంచి మూత కాస్త వదులు చేశాను. గెంతితే నీళ్ళు ఒలుకుతాయి."

వుకోసావ స్పసేనియ వైపు తిరిగింది. "ఆ మంచులో, నాలుగు గంటలు, ఒంటి వేడితో చేపను బతికించావు. ఇది ఒక్కసారి కూడా చెప్పలేదే?"

"ఎట్లా చెప్పను టీచరుగారూ? ఇది చెబితే అది కూడా చెప్పాలి."

కొంగలు, నురుగు, నలుగురు మగాళ్ళు తిప్పలేని వాల్వు, ఇన్ని కట్టి నిలబెట్టిన మనిషి, నిజంగా తాను చేసిన ఒకే ఒక్క ఘనకార్యాన్ని రెండేళ్ళు చొక్కా లోపలే దాచుకుంది. ఆ సంగతి ఆ క్షణంలో ఆమెకే కొత్తగా తెలిసినట్టు, ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

టీచరు సంచిలోంచి సన్నటి గాజు థర్మామీటరు తీసి బల్ల మీద పెట్టింది. గిన్నెను ఆమె ముందుకు తోసింది.

"ముందు వేలు పెట్టి చెప్పు. ఎంత ఉంది?"

స్పసేనియ చూపుడువేలు కొస నీళ్ళలో ముంచింది. నీలి చేప రెక్కలు విప్పి, దగ్గరికి వచ్చి, రెండు కళ్ళతోనూ ఆ వేలిని చూసింది. "చల్లగా ఉంది. పద్దెనిమిది. పంతొమ్మిదికి మించదు." ఆమె వేలిని వెనక్కి తీసింది. "నా ఇంట్లో అయితే ఈపాటికి కెటిల్ పెట్టేదాన్ని."

"ఇప్పుడు ఇది పెట్టి చూడు."

ఆమె థర్మామీటరు ముంచింది. ఎర్ర గీత పైకి పాకి ఆగేదాకా వేచి ఉంది. కళ్ళు చికిలించి వంగింది. తిహోమిర్ కూడా తెలియకుండానే వంగాడు. ఇప్పుడు ఈమె నోట ఏ అంకె వస్తుందో, దాని వెనక ఏ కొంగ ఎగురుకుంటూ వస్తుందో అని ఎదురుచూశాడు.

"ఇరవై ఐదు," అంది స్పసేనియ.

ఆ తరువాత ఏమీ అనలేదు.

తిహోమిర్ వంగి చూసి, టీచరుకు తల ఊపాడు.

"చేప దారింక దగ్గర ఉంటుంది," అంది వుకోసావ కొంతసేపటికి. స్పసేనియ ఆ మాటకు తల దించుకుంది. న్యాయమేనని ఆమెకు తెలుసు. తెలిసినా గుండెలో ఎక్కడో కలుక్కుమంది. "దారింకకు అంకె కనపడదు. పొద్దునా సాయంత్రమూ నువ్వు దిగివచ్చి చూసి, ఆమెకు చెప్పాలి. చెయ్యి మాత్రం పెట్టకు."

"చెప్పాక నోరు మూసుకుని పైకి వెళ్ళిపోవాలి," అన్నాడు తిహోమిర్.

ఎవరూ పెద్దగా నవ్వలేదు. అయినా స్పసేనియ అతని మోచేతి మీద ఒకటి వేసింది. దాంతో గదిలో గాలి కాస్త కదిలింది. దారింక మూడోసారి కాఫీ పెట్టింది.

మర్నాడు గొట్టాలు చల్లబడ్డాయి. పది రోజులూ స్పసేనియ పొద్దునా సాయంత్రమూ మూడంతస్తులు దిగి వచ్చి, థర్మామీటరు చూసి, అంకె చెప్పి, పైకి వెళ్ళింది. వెళ్ళే ముందు ప్రతిసారీ గిన్నెకు ఒకసారి కుడి పక్కన, ఒకసారి ఎడమ పక్కన కూర్చుని చేప ముఖంలోకి చూసేది. టీచరు తిరిగి వచ్చిన నాడు ఆమె ఎర్ర జెరేనియం కొమ్మ ఒకటి తుంచి, తడి గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళింది. టీచరు దాన్ని ఏమీ అనకుండా అందుకుంది. చేపకు ఆ రోజే పేరు పెట్టింది. ఏం పేరో బయటికి రాలేదు. అడిగితే స్పసేనియ, "అది టీచరుగారు పెట్టుకున్నది, నేను చెప్పకూడదు," అనేది.

ఆ తరువాత ఈ కథ ఎన్నో కాఫీల మీద నడిచింది. నలభై జతల కొంగలు డెబ్బై అయ్యాయి, నురుగు మేడ దాటి వీధిలోకి వెళ్ళింది, వాల్వు తిప్పడానికి ఎడమ చేతి చిటికెన వేలు చాలింది. థర్మామీటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పే గొంతు సన్నబడేది. అక్కడ ఇరవై ఐదు ఎప్పటికీ ఇరవై ఐదుగానే ఉండిపోయింది. నాకు దీన్ని మొదటిసారి, గట్టిపడిన అరచేతిలో నా చెయ్యి పెట్టుకుని చెప్పింది మా అమ్మమ్మ. ఆమె పేరు స్పసేనియ.